రెయిడూ, రొయ్యలూ, మా చిన్నాయన స్టూడియో

రెయిడ్ అనగానే మీకు ఇన్‌కంటాక్సు వాళ్ళు గుర్తొస్తే అది మీ తప్పు కాదు. మా చిన్నాయనకీ మొదట వాళ్ళే గుర్తొచ్చారు. "కొత్త కంప్యూటర్లో రెయిడ్ పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నా చిన్నాయనా" అని ఫోన్లో అంటే, "మన మీద రెయిడు జేస్తే వాళ్ళకి ఏం దొరుకుద్ది అబ్బయ్యా, ఉప్పుగాలి తప్ప" అన్నాడు.

చిన్నాయనది నెల్లూరు నించి మైపాడు పోయే దారిలో చిన్న ఫోటో స్టూడియో. రీలు కెమెరాల రోజుల నించీ ఉంది. పెళ్ళిళ్ళు, వోణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, పాస్‌పోర్టు సైజులు, పెద్దకర్మకి ఫ్రేములు... అన్నీ ఆయనే. పాత కంప్యూటరు ముక్కుతూ మూలుగుతూ ఉంటే కొత్తది కట్టించే పని నా మీద పడింది. ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఉంటే ప్రింటరు నించి టీవీ సెట్‌టాప్ బాక్సు దాకా అన్నీ వాడి ఖాతాలోకే వస్తాయి కదా, మీకు తెలియంది కాదు.

ఆయన కోరికలు రెండే. ఒకటి, పెళ్ళి వీడియో ఎడిట్ చేసేటప్పుడు కంప్యూటరు నిద్రపోకూడదు. రెండు, ఫోటోలు పోకూడదు. చిత్రమేమిటంటే రెయిడ్ అనే ఒకే మాట కింద ఈ రెంటికీ మందు ఉందని అమ్ముతారు. కానీ ఒక మందు రెండో జబ్బుని పెంచుతుంది. ఇక ఆయన అసలు కోరికకి మాత్రం రెండు మందులూ పని చెయ్యవు. అదే ఈ రోజు నా గోల.

ముందు కాస్త చరిత్ర. 1988లో బర్క్‌లీలో ఉన్న ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పేపరు రాశారు. అప్పట్లో పెద్ద కంపెనీల్లో ఐబీఎం 3380 లాంటి భారీ డిస్కులుండేవి. ఒక్కోటి 7.5 గిగాబైట్లు, ధర మాత్రం ఏనుగంత. ఇంకోపక్క పీసీల కోసం 100 మెగాబైట్ల చిన్న డిస్కులు చవగ్గా వస్తున్నాయి. ఒక ఏనుగుని కొనే బదులు వంద మేకల్ని కట్టి బండి లాగిస్తే పోలా అన్నది వాళ్ళ ఆలోచన. అందుకే రెయిడ్‌లో "ఐ" అనే అక్షరానికి మొదట్లో అర్థం చవకైనవి అని. తర్వాత్తర్వాత డిస్కులమ్మే కంపెనీలకి ఆ మాట నచ్చలేదేమో, స్వతంత్రమైనవి అని మార్చేశారు.

ఆ పేపర్లో నాకు బాగా నచ్చింది వాళ్ళు తమ ఆలోచనకి తామే పెట్టుకున్న అడ్డు. ఒక డిస్కు సగటున 30,000 గంటలు బతుకుతుందనుకుందాం. వంద డిస్కులు కలిపితే వాటిల్లో ఏదో ఒకటి పోవడానికి పట్టేది 300 గంటలు. అంటే రెండు వారాలు కూడా కాదు! వంద మేకల బండి పక్షానికోసారి ఆగుతుందన్నమాట. అందుకే ఊరికే కలిపితే చాలదు, ఒకటి పోయినా మిగతావి లాగేట్టు అదనంగా కొన్ని ఉండాలి అని ఐదు పద్ధతులు చెప్పారు. ఒకటి నించి ఐదు దాకా నంబర్లు అలా వచ్చినవే. సున్నా, ఆరు తర్వాత అతికించినవి.

మనలాంటి వాళ్ళ డెస్క్‌టాపుల్లో వాడేవి ముఖ్యంగా మూడు: సున్నా, ఒకటి, ఐదు.

రెయిడ్ సున్నా అంటే ఫైలుని ముక్కలు చేసి, ఒక ముక్క ఈ డిస్కులో, తర్వాతి ముక్క ఆ డిస్కులో రాయడం. రెండూ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి వేగం దాదాపు రెట్టింపు. కానీ ఒకటి పోతే రెండోదాంట్లో మిగిలేది ఒక ముక్క విడిచి ఒక ముక్క. ఫోటో అలా మిగిలితే ఏం చేసుకుంటాం? లెక్క చూడండి. ఒక డిస్కు ఏడాదిలో పోయే అవకాశం 3 శాతం అనుకుంటే, రెంటిని ఇలా కలిపితే దాదాపు 6 శాతం, నాలుగు కలిపితే 11 శాతం పైమాటే. వేగం పెంచుకున్న కొద్దీ గండం కూడా పెరుగుతుంది.

3 శాతం ఎక్కణ్ణించి వచ్చిందంటారా? డిస్కు కంపెనీల కాగితాల్లో సగటు ఆయుష్షు పది లక్షల గంటలు అని ఉంటుంది. అంటే 114 ఏళ్ళు! దాన్ని ఏడాదికి మారిస్తే 0.88 శాతం. 2007లో ష్రోడర్ అనే ఆవిడా, పై పేపరు రాసిన ముగ్గురిలో ఒకడైన గిబ్సనే, కలిసి దాదాపు లక్ష డిస్కుల రికార్డులు తిరగేస్తే, నిజంగా మార్చాల్సి వచ్చినవి చాలా చోట్ల 2 నించి 4 శాతం, కొన్ని చోట్ల 13 శాతం దాకా ఉన్నాయి. అవి ఏసీ గదుల్లో, శుభ్రమైన కరెంటు మీద నడిచేవి. మన మైపాడు రోడ్డు సంగతి వేరే చెప్పాలా?

పైగా ఈ రోజుల్లో వేగం కోసం రెయిడ్ సున్నా పెట్టడం దండగ. మామూలు హార్డ్ డిస్కు సెకనుకి 150, 200 మెగాబైట్లు చదివితే రెండు కలిసి 400 చదువుతాయి. ఒక చవక సాటా ఎస్‌ఎస్‌డీ ఒక్కటే 500 చదువుతుంది. ఎన్‌వీఎంఈ అయితే వేలల్లో మాట. ఒకప్పుడు, అంటే 2003 ప్రాంతాల్లో, గేములాడే వాళ్ళు 10,000 ఆర్‌పీఎం రాప్టర్ డిస్కులు రెండు కలిపి కట్టి మురిసిపోయేవాళ్ళు. అప్పటికి దానికో అర్థం ఉంది. ఇప్పుడు చిన్నాయన మొదటి కోరికకి ఒక ఎస్‌ఎస్‌డీ చాలు. ఆ పేజీ అక్కడితో మూసేశాం.

రెండో కోరిక దగ్గరే అసలు కథ.

రెయిడ్ ఒకటి అంటే అద్దం. రెండు డిస్కులు, ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ. ఒకటి పోయినా బండి ఆగదు. వినడానికి ఎంత బాగుందో! చిన్నాయన పాత కంప్యూటర్లో ఉన్నది ఇదే. టౌన్లో ఒక షాపతను పెట్టి, "ఇది మిర్రరు సార్, ఇంక మీకు సీడీలు, పెన్‌డ్రైవులు, బ్యాకప్పులు ఏమీ అక్కర్లేదు" అని చెప్పి వెళ్ళాడు. చిన్నాయన నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు, ఆయన ఫోటోగ్రాఫరు.

2021 నవంబరులో పెన్నకి వరదొచ్చింది గుర్తుందా? పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, హైవే మీద బస్సులు ఆగిపోయాయి. అప్పుడు మునిగిన ఇళ్ళల్లో బీరువాల అడుగు అరల్లో ఉన్న పెళ్ళి ఆల్బమ్‌లన్నీ ముద్దయిపోయాయి. ఆ తర్వాత చిన్నాయన దగ్గరికి జనం వరసగా వచ్చారట, "మా పెళ్ళి ఫోటోలు మళ్ళీ కొట్టియ్యి" అంటూ. ఆయన కొట్టిచ్చాడు. సగం మంది దగ్గర డబ్బులు కూడా తీసుకోలేదు. ఆయన స్టూడియో ఆ చుట్టుపక్కల పాళేలన్నిటికీ బ్యాకప్ అని ఆయనకే అప్పుడు తెలిసింది.

తర్వాత రెండేళ్ళకి ఒకావిడ వచ్చింది. మొగుడు గుండెనొప్పితో పోయాడు. నలభై కూడా లేవు. పెద్దకర్మకి ఫ్రేము కట్టాలి, మంచి ఫోటో ఇంట్లో లేదు, ఆల్బమ్ వరదలో పోయింది. వాళ్ళ పెళ్ళి తీసింది చిన్నాయనే. కంప్యూటర్లో వెతికితే ఆ సంవత్సరం ఫోల్డరే లేదు. అంతకు ముందు నెల్లో కుర్రోడెవడో డిస్కు నిండిపోయిందని "బిల్లు తీరిన పాత పెళ్ళిళ్ళు" అన్నీ చెరిపేశాడు. అద్దం తన పని తాను శ్రద్ధగా చేసింది. ఒకదాంట్లో చెరిపింది రెండోదాంట్లోనూ అదే క్షణంలో చెరిపింది. చెరిపిన చోట కొత్త పెళ్ళిళ్ళు రాసేశారు కాబట్టి రికవరీ వాళ్ళ దగ్గరికి తీసుకెళ్తే ఫైళ్ళ పేర్లు కొన్ని వచ్చాయి గానీ బొమ్మలు రాలేదు.

చివరికి ఫోటో ఎక్కడ దొరికిందో తెలుసా? గూడూరులో ఉన్న వాళ్ళ ఆడబిడ్డ ఇంట్లో. పోస్టుకార్డు సైజు ప్రింటు, ఒక మూల పసుపు మరక. చిన్నాయన రాత్రంతా కూచుని దాన్ని స్కాను చేసి, శుభ్రం చేసి, ఫ్రేము కట్టి ఇచ్చాడు. రెండు డిస్కుల మిర్రరు చెయ్యలేని పని ముప్పై మైళ్ళ అవతల గోడకి తగిలించిన ఒక కాగితం చేసింది. దాన్ని ఎవరూ చెరపలేదు, వరద అక్కడికి రాలేదు, అంతే దాని గొప్ప.

నేను ఇక్కడ షాపతన్ని తిట్టడానికి రాలేదు. అతను చెప్పిన మాటే మన ఫీల్డులో చదువుకున్న వాళ్ళు కూడా చెప్తుంటారు. డిస్కు చచ్చిపోవడం అనే ఒక్క గండానికే అద్దం కాపలా. చెరపడం, వైరస్, దొంగతనం, నీళ్ళు, పిడుగు, సాఫ్ట్‌వేర్ తప్పు... వీటిల్లో దేనికీ కాదు.

సాఫ్ట్‌వేర్ తప్పు అంటే మన తీరంలోనే ఒక ఉదాహరణ ఉంది. శ్రీహరికోట (2022లో జిల్లాలు చీల్చినప్పుడు తిరుపతి వైపు వెళ్ళింది గానీ, మేం పుట్టినప్పుడు నెల్లూరు జిల్లానే!) నించి 1993 సెప్టెంబరు 20న మొదటి పీఎస్‌ఎల్‌వీ ఎగిరింది. ఉపగ్రహం కక్ష్యలోకి చేరలేదు. తర్వాత తేలిన కారణాల్లో ముఖ్యమైనది కంట్రోలు సాఫ్ట్‌వేర్‌లో తప్పు. కమాండు విలువ ఒక గరిష్ఠ పరిమితి దాటినప్పుడు మాత్రమే బయటపడే తప్పు అది. అలాంటి తప్పుకి, అదే ప్రోగ్రాము నడిపే పెట్టె ఇంకొకటి పక్కన పెట్టుకున్నా లాభం ఉండదు.

దీనికి రుజువు మూడేళ్ళకి ఫ్రాన్సు వాళ్ళ గయానా నించి వచ్చింది. 1996 జూన్ 4న ఏరియాన్ 5 మొదటి ప్రయాణం. అందులో దిశ చూపించే పెట్టెలు రెండున్నాయి, ఒకటి పోతే ఇంకోటి. రెండింట్లో అదే సాఫ్ట్‌వేర్. 64 బిట్ల సంఖ్యని 16 బిట్లలో కుక్కబోయి ముందు స్టాండ్‌బై పెట్టె ఆగిపోయింది, సెకను తిరక్కుండా అదే కారణంతో అసలు పెట్టే ఆగిపోయింది. నలభై సెకన్లకి రాకెట్టు ముక్కలు. కవల పిల్లలకి ఒకే జ్వరం వచ్చినట్టు. ఇస్రో మాత్రం తప్పు దిద్దుకుని 1994 అక్టోబరులోనే రెండో పీఎస్‌ఎల్‌వీని సరిగ్గా పంపింది, అది వేరే సంతోషం.

కవలలంటే గుర్తొచ్చింది. ఒక డిస్కు పోయే అవకాశం 3 శాతం, రెండూ పోవాలంటే 3 శాతంలో 3 శాతం, అంటే పదివేలల్లో తొమ్మిది అని లెక్క కట్టి నిశ్చింతగా పడుకునే వాళ్ళని చూశాను. ఆ గుణకారం చెయ్యాలంటే ఆ రెంటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉండకూడదు. మా రొయ్యల రైతుల్ని అడగండి చెప్తారు.

1990ల మొదట్లో మా తీరంలో టైగరు రొయ్య జోరు మీదుంది. "ఒక గుంట పోయినా ఇంకో గుంట ఉంది" అని నాలుగేసి గుంటలు తవ్వారు. 1994, 95ల్లో వైట్ స్పాట్ వచ్చింది. అన్ని గుంటలకీ నీళ్ళు అదే కాలవ నించి, సీడు అదే హేచరీ నించి. ఒక గుంట తెల్లారి పోతే పక్క గుంట మాపటికి పోయింది. గుంటలు నాలుగే గానీ గండం ఒక్కటే. ఒకే అట్టపెట్టె నించి తీసిన రెండు డిస్కులు, ఒకే పవర్ సప్లై, ఒకే ఉప్పుగాలి, ఒకే వోల్టేజీ దెబ్బ... ఇవి కూడా ఒకే హేచరీ సీడే. డిస్కులు పోవడం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటుందని పైన చెప్పిన 2007 పేపరు కూడా అంది. దానికి తోడు, ఒకటి పోయాక కొత్తది పెడితే, మిగిలిన ముసలి డిస్కు మొదటి నించి చివరిదాకా చదివి కాపీ చెయ్యాలి. 4 టెరాబైట్లకి ఏడెనిమిది గంటలు ఏకధాటిగా పరుగు. జీవితంలో ఎప్పుడూ అంత పరిగెత్తని డిస్కు సరిగ్గా అప్పుడే కూలబడితే ఆశ్చర్యం ఏముంది?

ఇక రెయిడ్ ఐదు. దీంట్లో కిటుకు అందంగా ఉంటుంది. మూడు డిస్కులనుకోండి. రెండింట్లో సమాచారం, మూడోదాంట్లో లెక్క సరిచూసే బిట్టు. అడ్డంగా చూస్తే ఒకట్ల సంఖ్య ఎప్పుడూ సరి సంఖ్యే ఉండాలి. మొదటిదాంట్లో 1, రెండోదాంట్లో 0 ఉంటే మూడోదాంట్లో 1 రాస్తారు. ఇప్పుడు మొదటి డిస్కు పోయింది. మిగిలింది 0, 1. ఒకట్లు సరి కావాలంటే పోయింది 1 అయ్యుండాలి. అంతే, దొరికిపోయింది. ఎన్ని డిస్కులున్నా ఇదే లెక్క, ఒక డిస్కు జాగా మాత్రం దీనికి అర్పించాలి. (నిజానికి ఆ లెక్క బిట్లని ఒకే డిస్కులో పెట్టకుండా అన్నిటికీ పంచుతారు.)

కానీ మన ఊళ్ళో దీనికో పెద్ద శత్రువు ఉంది, కరెంటు. సమాచారం రాసి, లెక్క బిట్టు రాసేలోపు కరెంటు పోతే రెంటికీ పొత్తు కుదరదు. అప్పటికి ఎవరికీ తెలియదు. ఎప్పుడో ఒక డిస్కు పోయాక తప్పుడు లెక్కతో తప్పుడు ఫోటో తయారవుతుంది. పెద్ద సర్వర్లలో దీనికి బ్యాటరీ ఉన్న కంట్రోలర్లు, జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు ఉంటాయి. డెస్క్‌టాపు మదర్‌బోర్డుతో వచ్చే ఉచిత రెయిడ్‌లో అవేమీ ఆశించకండి. పైగా ఆ బోర్డు కాలిపోతే, దానికి సరిపడే చిప్‌సెట్టున్న బోర్డు కోసం చెన్నై రిచీ స్ట్రీట్ అంతా తిరగాల్సి రావచ్చు. లినక్స్‌లో ఎండీఆడ్మ్‌తో కడితే ఆ బాధ లేదు, డిస్కులు తీసి ఏ లినక్స్ పెట్టెలో పెట్టినా చదువుతుంది. కానీ చిన్నాయన ఫోటోషాప్ వదిలి రాడు, నేనూ అడగను.

అన్నట్టు మన తెలుగువాళ్ళకి రెయిడ్ కొత్తేం కాదు. భారతాన్ని ముగ్గురికి పంచాం కదా! నన్నయ గారు అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు. మా నెల్లూరు తిక్కన గారు విరాటపర్వం నించి మొదలెట్టి పదిహేను పర్వాలు లాగించేశారు. మధ్యలో మిగిలిన ఖాళీని తర్వాత ఎఱ్ఱన గారు పూరించారు. రీబిల్డ్ పూర్తయ్యేసరికి దాదాపు మూడు శతాబ్దాలు. ఎఱ్ఱన గారు ఆ భాగాన్ని కూడా రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చి, పాత డిస్కు ఫార్మాటు చెడకుండా చూసుకున్నారు. నవ్వులాటకి చెప్పినా ఇందులో ఒక నిజం ఉంది. ఆ ఖాళీ నిండింది నన్నయ, తిక్కనల మధ్య ఏదో లెక్క సరిచూసి కాదు, సంస్కృత మూలం వేరే చోట పదిలంగా ఉండబట్టి. అంటే మనవాళ్ళని కాపాడింది రెయిడ్ కాదండీ, బ్యాకప్.

సరే, విషయానికొస్తే. చిన్నాయన దగ్గర డబ్బు ఒక ఎస్‌ఎస్‌డీకీ, మూడు 4 టెరాబైట్ల డిస్కులకీ ఉంది. ఆయన లోపల రెండు పెట్టి మిర్రరు చేసి, బయట ఒకటి ఉంచుదాం అన్నాడు. నేను లోపల ఒకటే, బయట రెండు అన్నాను. "ముహూర్తాల్లో లోపల డిస్కు పోతే పని ఆగిపోదా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అద్దం ఉపయోగం సరిగ్గా అదే, పని ఆగకుండా చూడటం. ఆసుపత్రికో, బ్యాంకుకో ఒక గంట ఆగడం కుదరదు కాబట్టి వాళ్ళకి తప్పదు. "ఒక రోజు పని ఆగితే ఎంత పోతుంది? ఆ ఆల్బమ్ పోయినావిడలాంటి ఇంకొకరు వస్తే ఏం చెప్తావు?" అని అడిగా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "బయట రెండే పెట్టు" అన్నాడు.

పీటర్ క్రో అనే ఫోటోగ్రాఫరు తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రాన్ని ఆయనకి తగ్గట్టు ఇలా మార్చాం: కాపీలు మూడు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరి బయట. బయటి డిస్కుల్లో ఒకటి ప్రతి ఆదివారం సాయంత్రం తగిలించి, కాపీ అయ్యాక వైరు పీకి అటక మీది స్టీలు డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో. ఇంకోటి బెంగుళూర్లో మా అక్క వాళ్ళింట్లో. పండక్కి వచ్చినప్పుడల్లా రెండూ చేతులు మారతాయి. నెల్లూరు టౌన్లో పెడదామంటే పెన్న ఇద్దరినీ ఒకేసారి పలకరిస్తుంది, ఒకే కాలవ గుంటల్లాగే. మూడు డిస్కులూ వేరే వేరే కంపెనీలవి. కెమెరా మెమరీ కార్డు చెరపడం రెండు చోట్ల కాపీ పడ్డాకే. కంప్యూటరు నేల మీద కాదు, బల్ల మీద. యూపీఎస్ బ్యాటరీ మార్చిన తేదీ స్కెచ్ పెన్నుతో దాని మీదే. ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యం: నెలకోసారి బయటి డిస్కులోంచి ఏదో ఒక పాత పెళ్ళి తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో ఎవడికి తెలుసు?

ఈ ఏర్పాటుకి ఒక బలహీనత ఉంది, దాచను. మిర్రరు అయితే తనంతట తానే నడుస్తుంది, మనిషి మర్చిపోయినా. మాది మనిషి మీద నడిచేది. ఒక ఆదివారం జ్వరం రావచ్చు, ఒక ఆదివారం రెండు పెళ్ళిళ్ళుండొచ్చు. అందుకని చిన్నాయన స్టూడియో గోడకి ఒక క్యాలెండరు తగిలించి, కాపీ చేసిన ఆదివారాలకి ఎర్ర ఇంకుతో సున్నా చుడుతున్నాడు. పోయినసారి వెళ్ళినప్పుడు చూస్తే ఒకే ఒక్క ఆదివారం ఖాళీగా ఉంది. అడిగితే, "ఆ రోజు కరెంటు లేదు, సోమవారం జేసినా. సున్నా ఆదివారానికి చుట్టకూడదు గదా, అబద్ధం అవుద్ది" అన్నాడు.

మీ ఇంట్లో పెళ్ళి ఫోటోలు ఎన్ని చోట్ల ఉన్నాయి? ఫోన్లో ఉన్నాయి అనకండి, అది ఒక చోటు కూడా కాదు.